దండికి పల్లెదారిన

సూరత్ నుండి దండి సముద్రతీరానికి సుమారు యాభై కిలోమీటర్లు. కారున్నవానికి గంటన్నర ప్రయాణం. ఉదయం ఫలహారం చేసి బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి తిరిగి ఇల్లు చేరవచ్చు. పెక్కుమంది చేసేదీ అదే. ఇంత కొద్ది దూరానికి రెండు పూర్తి రోజులు కేటాయించుకొని, వెంట ఎవరినీ తీసుకొనకుండా, పాత స్కూటరు మీదనో చిన్న కారులోనో పల్లెల వెంబడి పోతానన్న మనిషిని ఇంట్లోవాళ్లు ఎగాదిగా చూస్తారు. వేరే పని లేదా అంటారు. ఎవరితోనైనా తగవు పడ్డావా అని కూడా అడుగుతారు.

పెళ్లికో, చావుకో, ఉద్యోగానికో, మొక్కు తీర్చుకొనటానికో అయితే మన దేశంలో ఎవరూ ఆక్షేపించరు. ఊరికే, ఒక్కడే పోవటానికి మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరినపుడు దాదాపు నూరుమంది పరివారం ఆయన వెంట కదిలింది. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ యాత్రలో ఆయన ఊరూరా ఆగి నీటి వసతీ, అంగళ్లూ, దారి బాగోగులూ రాసిపెట్టాడు. నెమ్మది ప్రయాణపు రుచి తెలుగువారికి చూపిన గ్రంథమది. ఒంటరితనం మాత్రం అందులో లేదు. ఆ ముచ్చట కావాలంటే ఇంగ్లీషు వచనం వైపు పోవాలి. హాజ్లిట్ ఒంటరి ప్రయాణాన్ని సమర్థిస్తూ వ్యాసమే రాశాడు. స్టీవెన్సన్ 1878లో ఫ్రాన్సు కొండల్లో పన్నెండు రోజులు ఒక గాడిదను తోలుకొని తిరిగాడు (గాడిదను తోడుగా లెక్కించాలా అన్నది వేరే ప్రశ్న). సరిగ్గా నూరేళ్లకు, 1978లో, అమెరికాలో విలియం లీస్ట్ హీట్-మూన్ ఉద్యోగం పోయి, భార్యకు దూరమై, ఒక వ్యానులో పదమూడు వేల మైళ్లు తిరిగాడు. పాత పటాలలో నీలిరంగు గీతలుగా చూపిన చిన్న దారులనే ఎంచుకున్నాడు. 1982లో వెలువడిన ఆయన పుస్తకానికి పేరు కూడా ఆ నీలి దారులదే.

సూరత్ చుట్టుపక్కల అటువంటి దారి ఒకటి ఉంది. దాని మీద నడిచినవాడు తీరిక కోసం నడవలేదు.

1930 మార్చి 12న గాంధీజీ 78 మంది అనుచరులతో సబర్మతి నుండి బయలుదేరాడు. వారిలో ఆంధ్రదేశం నుండి ఎర్నేని సుబ్రహ్మణ్యం ఉన్నాడు. అహమ్మదాబాదు నుండి నవ్‌సారికి అప్పటికే రైలు నడుస్తున్నది. సాయంత్రం ఎక్కితే తెల్లవారేలోగా దిగవచ్చు. అయినా సుమారు 240 మైళ్ల దూరానికి ఆయన 24 రోజులు తీసుకున్నాడు. సోమవారాలు మౌనమూ, విశ్రాంతీ. దారిలోని ప్రతి ఊరూ తన జనాభా ఎంతో, రాట్నాలెన్నో, ఆవులెన్నో, ఖద్దరు కట్టేవారెందరో చెప్పాలని ముందే కోరాడు. అంటే అది యాత్ర మాత్రమే కాదు, ఒక విధంగా జనాభా లెక్క కూడాను.

సూరత్ జిల్లాలో ప్రవేశించిన తరువాత, మార్చి 29న, భాట్‌గామ్‌లో ఒక సంగతి ఆయన కంటపడింది. చీకటి దారిలో యాత్రకు వెలుగు చూపటానికి ఒక కూలివాడు బరువైన కిట్సన్ దీపాన్ని తలకెత్తుకొని నడుస్తున్నాడు. వెనుకనుండి అతణ్ణి తొందరపెడుతున్నారు. అతిథుల పాల కోసం సూరత్‌కు మోటారు బండిని పంపారనీ తెలిసింది. ఆ రాత్రి సభలో ఆయన తనవారినీ, తననూ కూడా కఠినంగా విమర్శించుకున్నాడు. వైస్రాయి జీతాన్ని తప్పుపట్టిన మనం ఈ ఖర్చు ఎట్లా సమర్థించుకుంటామన్నది ఆయన బాధ. రైలు కిటికీలోనుండి చూసి ఉంటే ఆ దీపం కనిపించేదే. దాని కింది మనిషి కనిపించేవాడు కాడు.

ఏప్రిల్ 1న తాపీ నది దాటి సూరత్ చేరిన యాత్ర మరునాడు డిండోలి మీదుగా దక్షిణానికి సాగింది. ఆనాటి డిండోలి పల్లె. నేడది నగరంలో భాగం. దాని పక్కనే లింబాయత్. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి వచ్చిన నేతపనివారు తరాలుగా పవర్‌లూముల మీద బతుకుతున్న పేట అది. నగరపాలక సంస్థ బడులలో కొన్ని తెలుగు మాధ్యమంలో నడవటానికి కారణం వీరే. మగ్గం ముందు పన్నెండు గంటలు నిలబడి, నేసిన మీటరుకు ఇంత అని కూలి తీసుకొనేవానికి రెండు రోజుల తీరిక అంటే రెండు రోజుల కూలి. పండుగకో పెళ్లికో సొంత ఊరికి రైలెక్కటమే వారికి ప్రయాణం. దండి దారి తమ గుమ్మం పక్కనుండే పోయిందని తెలిసినా, దాని వెంట పోయి చూసి రావటం తేలిక కాదు. పల్లెదారుల సొగసు గురించి రాసేవారు సాధారణంగా ఈ లెక్క వేయరు.

బయలుదేరగలిగినవాడు చేయవలసిన మొదటి పని 48వ నంబరు జాతీయ రహదారిని లారీలకు వదిలివేయటం. చిన్న దారుల మీద మైలురాళ్లు గుజరాతీలో ఉంటాయి. నాగరి లిపి వచ్చినవాడు తలకట్టు గీత లేదని గ్రహిస్తే కూడబలుక్కొని చదవవచ్చు. రెండు మాటలు నేర్చుకుంటే చాలు: డాబే అంటే ఎడమకు, జమణే అంటే కుడికి. ఫోనులోని పటం దారి చెప్పగలదు, నిజమే. కాని పటాన్ని అడిగినవానికి దారి మాత్రమే దొరుకుతుంది. అరుగు మీది ముసలివాణ్ణి అడిగితే, ఏ ఊరు, ఏ కులం, పిల్లలెందరు అన్న ప్రశ్నలు దాటుకొని గాని దారి దొరకదు. ఒంటరివానికి ఆ మాటలే లాభం. నలుగురు కలిసి పోతే వారిలో వారే మాట్లాడుకుంటారు.

కాలం చలికాలమైతే మేలు. అప్పుడు పాలుపట్టిన లేత జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి గింజలు రాల్చి అమ్ముతారు. వారు పోంక్ అంటారు. తెలంగాణవారికి అది ఊచబియ్యమే, కాకపోతే ఇక్కడ కారప్పూస కలుపుకొని తింటారు. దారిలో సచిన్ అనే ఊరు వస్తుంది. క్రికెట్ ఆటగానికీ దీనికీ సంబంధం లేదు. 1791లో ఏర్పడి, ఆఫ్రికా సంతతి సిద్దీ నవాబులు ఏలిన చిన్న సంస్థానమిది, నేడు పారిశ్రామికవాడ. మిండోళా, పూర్ణా నదులు దాటితే నవ్‌సారి. జంషెడ్జీ టాటా పుట్టిన ఊరది. 1872లో నెలకొల్పిన మెహర్జీ రాణా గ్రంథాలయంలో అవెస్తా, పహ్లవీ వ్రాతప్రతులున్నాయి. దండికి తొందరపడేవాడు చూడనిది ఇదే. రాత్రి ఇక్కడ ఆగటం ఉత్తమం; వెలుతురు తగ్గాక చెరుకు బళ్ల వెనుక పోవటం సాహసం కాదు, తెలివితక్కువ.

నవ్‌సారి దాటాక నేల చదునై, ఉప్పుగాలి తగులుతుంది. రొయ్యల చెరువులు చూసి కృష్ణా, గోదావరి జిల్లాలవారు తమ ఊరే అనుకుంటారు. దండిలో 2019 జనవరి 30న ప్రారంభించిన జాతీయ స్మారకం విశాలమైనది. యాత్రికుల విగ్రహాలు బారులు తీరి ఉంటాయి. బస్సులు అక్కడికే వస్తాయి, అక్కడినుండే తిరిగి పోతాయి.

దండికి కొద్ది దూరం ఇవతల కరాడి ఉంది. ఏప్రిల్ 6న ఉప్పు చట్టం ధిక్కరించిన తరువాత గాంధీజీ ఈ ఊరిలో ఆకుల గుడిసెలో మకాం పెట్టాడు. మే 4వ తేదీ అర్ధరాత్రి దాటాక సూరత్ జిల్లా మేజిస్ట్రేటు సాయుధ పోలీసులతో వచ్చి, 1827 నాటి ఒక రెగ్యులేషన్ కింద, విచారణ లేకుండా నిర్బంధించటానికి ఆయనను నిద్ర లేపాడు. ఆయన పళ్లు తోముకొని, ప్రార్థన చేసుకొని బయలుదేరాడు. 24 రోజులు నడిచి వచ్చిన మనిషిని బొంబాయి దగ్గరి బోరివలి దాకా రైలులోనూ, అక్కడినుండి మోటారులోనూ తరలించి, మధ్యాహ్నం కాకముందే పూనా దగ్గరి ఎరవాడ జైలుకు చేర్చారు. తొందర ప్రభుత్వానిది.

ఆ గుడిసె నమూనా ఇప్పుడు కరాడిలో ఉంది. చెట్ల నీడన స్కూటరు నిలిపి ఎంతసేపు కూర్చున్నా, పొమ్మనేవారుండరు.