గది అద్దెకిచ్చే ముందు గీజర్ ఎర్తింగ్ చూసుకోండి

సంక్రాంతికి తోటలో గదులు అద్దెకిచ్చే రైతు సోదరులకి ఒక మాట అండి.

పండగొస్తే మన కోనసీమకి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి జనం దిగిపోతున్నారు. లాడ్జీలు నిండిపోయి మన ఇళ్లకి కూడా గిరాకీ వచ్చింది. నేనూ కొబ్బరితోటలో రెండు గదులు ఇస్తున్నా. కాయ ధరని నమ్ముకుని కూర్చోలేం కదా, అందులో తప్పేం లేదు.

కిందటేడు భోగి నాడు పొద్దున్నే బాత్రూంలోంచి ఓ కుర్రాడు "అంకుల్, కుళాయి జిల్లుమంటోంది" అని కేకేశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెయిన్ ఆపి చూపిస్తే, గీజర్‌లో ఎలిమెంటు పాడై నీళ్లలోకి, బాడీకి కరెంటు వస్తోంది. ఎర్తు తీగ సాకెట్ దాకా ఉంది, అక్కణ్ణించి ఎక్కడికీ లేదు. డబ్బులు మిగుల్తాయని ఎర్తు గొయ్యి వద్దన్నది నేనే.

మనం ఇలాంటివాటితో బతకడం అలవాటు చేసుకున్నాం. స్టార్టర్ జిల్లుమంటే చెప్పులేసుకుని ఎండు పుల్లతో నొక్కుతాం. ఏ స్విచ్ ముట్టుకోకూడదో మన ఇంట్లో చిన్నపిల్లకి కూడా తెలుసు. డబ్బులిచ్చి వచ్చినోళ్లకి ఏం తెలుసు? తడికాళ్లతో వచ్చి ముట్టుకుంటారు. "వాళ్ల జాగ్రత్త వాళ్లు చూసుకోవాలి" అంటాడు మా బావ. నేను ఒప్పుకోను. డబ్బు తీసుకున్నాక ఆ జాగ్రత్త మనదే. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే కేసు కూడా మన మీదే.

"ఎంసీబీ ఉందిగా" అంటారు చాలామంది. నాకూ ఉంది, పడలేదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించి కరెంటు లాగాలి. మనిషి ప్రాణం తీయడానికి ఒక ఆంపియర్‌లో పదో వంతు చాలు. అది వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి కోసం 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించాలి. దాని మీద టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి, పడకపోతే అది గోడకి అలంకారమే. కొత్తవాళ్లు దిగే ముందు ప్రతిసారీ నొక్కి చూస్తున్నా. గొయ్యి కూడా తవ్వించా, బొగ్గు, ఉప్పు వేసి. ఎండాకాలం దానికి నీళ్లు పోస్తూండాలి, మోటారు దగ్గర పోసినట్టే.

గదిలో వాటర్ హీటర్ రాడ్డు ఉంటే తీసేయండి. కూలర్ ప్లగ్గుకి మూడో పిన్ను విరిచేసే అలవాటు మానండి.

ఇంకోటి, కోపమొచ్చినా చెప్తా. పంపుసెట్ సర్వీసు నుంచి గదికి లైను లాగినవాళ్లున్నారు. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద అది అనధికార వాడకం, తనిఖీలో దొరికితే రెట్టింపు రేటు కట్టాలి. దానికన్నా భయం, కొబ్బరిమట్టల మధ్య నుంచి వేలాడే ఆ తీగ.

ఆ కుర్రాడి నాన్నకి అద్దె వెనక్కిచ్చేయబోయా, తీసుకోలేదు. ఈ ఏడు పండక్కి మాత్రం ఫోను చేయలేదు.