అన్నయ్యల చదువు ఎందుకు ఆగిపోతోంది?

ఈ నెల గోడపత్రికలో ఎవరి అభిప్రాయం వాళ్ళు రాయమన్నారు. చెట్లు నాటాలని ముగ్గురు రాసేశారు కాబట్టి నేను అబ్బాయిల చదువు గురించి రాస్తున్నాను. నవ్వకండి. అంతా చదివాక నవ్వండి.

మాది మారేడుమిల్లి దగ్గర కొండమీద ఊరు. మేము కొండరెడ్లం. మా అమ్మకీ అయ్యకీ సంతకం రాదు, వేలిముద్రే. మా ఇంట్లో మొట్టమొదట పదో తరగతి పాసయింది మా అన్న. ఫస్ట్ క్లాసు వచ్చింది. మా అయ్య ఆ మార్కుల లిస్టుని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఎలకలు కొట్టకుండా దూలానికి వేలాడగట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

అన్న ఇంటర్ ఎంపీసీలో చేరాడు. కాలేజీ పేరు రాయను. స్కూల్లో సారు ఇంగ్లీషు పుస్తకం తెరిచినా తెలుగులోనే చెప్పేవారు. అక్కడ మొదటిరోజు నుంచీ అంతా ఇంగ్లీషే. అడగబోతే వెనక బెంచీ నుంచి "ఒరేయ్ కొండోడా" అని నవ్వేవారంట. ఇక అడగడం మానేశాడు. దానిమీద సర్టిఫికెట్ల గోల. మా ఇంటిపేరు ఆధార్‌లో ఒక రకంగా, మార్కుల లిస్టులో ఇంకో రకంగా ఉంది. అది సరిచేయిస్తేగానీ స్కాలర్‌షిప్‌కి పనికిరాదన్నారు. దానికోసం నాలుగుసార్లు తిరిగాడు. మా ఊరి నుంచి రోడ్డుదాకా నడిచి, ఆటో ఎక్కి, బస్సెక్కి ఆఫీసుకి చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. సర్వరు పనిచెయ్యట్లేదు, రేపు రా అంటారు. వెళ్ళినప్పుడల్లా రెండు మూడు రోజుల క్లాసులు పోయేవి. తిరిగొచ్చేసరికి ఫిజిక్స్‌లో వెక్టర్లు మొదలయ్యి అయిపోయాయి కూడా. దసరా సెలవులకి ఇంటికొచ్చాడు. మళ్ళీ వెళ్ళలేదు.

నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. మా అన్న రాలేదని కాలేజీ నుంచి ఒక్క ఫోను రాలేదు. ఒక్క మనిషి రాలేదు. పోయిన సంక్రాంతికి నాకు జ్వరమొచ్చి నాలుగు రోజులు ఆలస్యమైతే మన వార్డెన్ మేడం గారు మా ఊరి ఆశా కార్యకర్తకి ఫోను చేశారు. "పిల్లకి పెళ్ళిగానీ చేస్తున్నారా ఏంటి?" అని గట్టిగా అడిగారంట. మా అయ్య భయపడి, జ్వరం పూర్తిగా తగ్గకముందే నన్ను తీసుకొచ్చి దింపేశాడు. (మేడం గారు, అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు లేదు.) ఆడపిల్ల రాకపోతే ఏమైందో అని వెతుకుతారు. మగపిల్లాడు రాకపోతే పనికి పోయుంటాడులే, సంపాదిస్తాడులే అంటారు. పదహారేళ్ళ వాడిని పెద్దమనిషిని చేసేస్తారు.

ఇప్పుడు అన్న మారేడుమిల్లి రోడ్డు పక్కన బొంగు చికెన్ బండి దగ్గర పనిచేస్తున్నాడు. ఆదివారాలు కార్లు ఎక్కువొస్తాయి. బొంగులు నరుకుతాడు, నిప్పు చూస్తాడు, పొగకి కళ్ళు ఎర్రగా ఉంటాయి. "బొంగులో కోడి ఉడికింది గానీ నా చదువు ఉడకలేదు చెల్లీ" అని నవ్విస్తాడు. నా జామెట్రీ బాక్సు ఆ డబ్బులతోనే కొన్నాడు. దాన్ని తెరిచినప్పుడల్లా నాకు ఒకలాగా ఉంటుంది.

అబ్బాయిలకి బద్ధకం, సెల్‌ఫోను, జీలుగు కల్లు, అందుకే పాడైపోతున్నారు అని పెద్దవాళ్ళు అంటారు. కొంచెం నిజమే. మా అన్న కూడా ఫోను చూస్తాడు. కానీ కాలేజీ మానేశాకే ఫోను ఎక్కువైంది. మా ఊరి పెద్దాయన ఒకాయన ఇంకో మాట అంటాడు. ఏజెన్సీ స్కూళ్ళల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో జీవో నంబరు 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. "ఇంక చదివి ఏం చేస్తారు?" అని ఆయన అంటుంటే అబ్బాయిలు వింటూ కూర్చుంటారు. నాకు జవాబు తోచలేదు. కానీ చదువు మధ్యలో వదిలేసినవాడికి ఏ ఉద్యోగమూ రాదు కదా.

మన ఆడపిల్లల కష్టం వదిలేసి మగాళ్ళ గురించి నీకెందుకే అని నా ఫ్రెండ్సే అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమే. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో గిరిజన మగవాళ్ళలో నూటికి 68 మందికి పైగా చదువు వస్తే ఆడవాళ్ళలో 49 మందికే వచ్చు. వెనకబడింది మనమే. కానీ మా ఇంట్లో ఏం జరిగిందో వినండి. అన్న మానేసిన నెలకి మా అయ్య నాతో "వాడు చదివి ఏం తెచ్చాడు? నువ్వు కూడా పదితో ఆపెయ్" అన్నాడు. అన్న ఓడిపోతే ఆ లెక్క నా ఖాతాలో కూడా రాశారు. అన్నే అడ్డుపడి "దాన్ని చదవనీ, డబ్బులు నేనిస్తా" అన్నాడు కాబట్టి ఇక్కడ ఉన్నాను. అలా అడ్డుపడే అన్న అందరికీ ఉండడు.

ఈ సంగతి మన సోషల్ సారుకి చెప్తే ఆయన అమెరికా సంగతి చెప్పారు. అక్కడ కమ్యూనిటీ కాలేజీలని రెండేళ్ళ కాలేజీలు ఉంటాయి. బీదవాళ్ళు, నల్లజాతివాళ్ళు ఎక్కువ చేరతారు. అబ్బాయిలు చాలామంది మధ్యలో పోతారు. అక్కడా అంతేనా అని నాకు ఆశ్చర్యం వేసింది. న్యూయార్క్ నగర యూనివర్సిటీ వాళ్ళు 2007లో తమ కమ్యూనిటీ కాలేజీల్లో ఏశాప్ అని ఒక పథకం పెట్టారట. పుస్తకాలకి సాయం, రైలు బస్సు పాసు, ఇంకా ఒక సలహాదారు. ఆ సలహాదారుని తప్పకుండా కలుస్తూ ఉండాలి. పథకంలో ఉన్నవాళ్ళు మూడేళ్ళలో నూటికి 40 మంది పూర్తిచేస్తే, లేనివాళ్ళు 22 మందే పూర్తిచేశారట. అదే యూనివర్సిటీలో నల్లజాతి అబ్బాయిల కోసం 2005లో మొదలైన కార్యక్రమం కూడా ఉంది. అందులో విద్యార్థులే తోటి విద్యార్థులకి తోడుంటారట. బస్సు పాసు, ఒక మనిషి. ఇందులో మనకి చేతకానిది ఏముంది?

నా అభిప్రాయం ఏమిటంటే, మన గిరిజన అబ్బాయిలు కాలేజీలో చేరిన మొదటి మూడు నెలలు వాళ్ళని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. మన భాష, మన ఊళ్ళు తెలిసిన సీనియరైతే ఇంకా మంచిది. వారం రాకపోతే ఊరికి వెళ్ళి అడగాలి. ఆధార్‌లో పేరు తప్పు ఉంటే పదో తరగతిలో ఉండగానే స్కూలువాళ్ళు అందరివీ ఒకేసారి సరిచేయించాలి. మన స్కూల్లో కూడా ఇది మొదలుపెట్టొచ్చు, నా ఆధార్‌లోనూ అదే తప్పు ఉంది. వేసవి సెలవుల్లో నెలరోజులు లెక్కల, సైన్సు ఇంగ్లీషు మాటలు నేర్పితే వెనక బెంచీవాళ్ళకి నవ్వే అవకాశం తగ్గుతుంది.

మానేసినవాళ్ళకి దారి ఉందని కూడా ఎవరూ చెప్పట్లేదు. మా అన్న తన పని అయిపోయింది అనుకుంటున్నాడు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ రాయొచ్చని, పని చేసుకుంటూనే చదవొచ్చని మొన్న సారు చెప్పేదాకా నాకూ తెలీదు. రెండో శనివారం అన్న నన్ను చూడ్డానికి వస్తే చెప్తాను. నేను చెప్తే నవ్వేస్తాడు, చెల్లిని కదా.

మేడం గారు, మా అయ్యకి భయం పెట్టినట్టు అన్నకి కూడా ఒకసారి ఫోను చెయ్యండి. నంబరు నా దగ్గర ఉంది. ఆదివారం వద్దు, బేరాలు ఉంటాయి. సోమవారం పొద్దున్న అయితే ఎత్తుతాడు.

- 9వ తరగతి, 'బి' సెక్షన్