ఫ్రీ సఫాయీ పేరుతో ఖియానత్

రంజాన్ ఆఖరి అష్రా వచ్చిందంటే మా మంథని ఇళ్లల్లో అల్మారీలు తెరుచుకుంటాయి. ఈద్‌కీ, షవ్వాల్‌లో వచ్చే షాదీలకీ జేవర్ బయటికొస్తుంది. దాన్ని పెద్దపల్లికో, గోదావరిఖనికో, కరీంనగర్‌కో పట్టుకుపోతారు. "ఐదు నిమిషాలు కూసోండి ఆపా, ఫ్రీగా సాఫ్ చేసిస్తం" అంటాడు షాపులో పిల్లాడు. అన్నీ ఒకే జాలీలో పోసి, స్టీల్ డబ్బాలో ముంచి, బటన్ నొక్కుతాడు. అందులో ఏ నగీనా ఉందో అడగడు, మనమూ చెప్పం. అల్ట్రాసోనిక్ మెషీన్ మీద నాకు దుష్మనీ ఏం లేదు. అడగకుండా ముంచుతున్నారే, దాని మీదే నా ఏత్‌రాజ్.

ఆ డబ్బా ఎలా పనిచేస్తుందో తెలిస్తే నా ఫికర్ అర్థమవుతుంది. మన చెవికి వినపడని మోత సెకనుకు 20,000 సార్లకు పైగా, చాలా మెషీన్లలో 40,000 సార్ల వరకూ నీళ్లను అదరగొడుతుంది. ఆ అదురుకు కంటికి ఆనని బుడగలు పుట్టి పగులుతాయి. పగిలిన చోటల్లా ఒక చిన్న దెబ్బ పడుతుంది. మురికిని ఊడగొట్టేది ఆ దెబ్బే. రాళ్లు లేని సాదా బంగారు గాజుకు దాంతో ఖత్రా లేదు. గట్టిగా బిగించిన మంచి వజ్రానికీ మామూలుగా ఏమీ కాదు. అయితే మురికేదో, నగీనా ఏదో ఆ బుడగకు తెలియదు.

జమర్రుద్‌నే తీసుకోండి, అదే పచ్చ. పుట్టుకతోనే దాంట్లో సన్నని పగుళ్లుంటాయి. అవి కనపడకుండా నూనె పట్టిస్తారు. ఇది తిజారత్‌లో పాత రివాజే. మెషీన్ అదురుకూ, వేడికీ ఆ నూనె బయటికొచ్చేస్తుంది. అప్పటిదాకా దాగిన పగుళ్లు తేలతాయి, ఒక్కోసారి పెరుగుతాయి. చవకగా దొరికే యాఖూత్‌లలో, అంటే కెంపుల్లో, చాలావాటికి పగుళ్లలో గాజు నింపి ఉంటుంది. వాటికీ ఇదే ముప్పు. మోతీ, మూంగా రెండూ సున్నపు జాతివి, మెత్తనివి. వాటి పైపొర చెడితే మెరుపు మళ్లీ రాదు. గుచ్చిన పట్టుదారం కూడా నాని బలహీనపడుతుంది. ఫిరోజా నీళ్లనూ, మందునూ పీల్చుకుని రంగు మారుతుంది.

ఇక మన హైదరాబాదీ జడావీ సంగతి. లచ్చా, చింతాక్, కరన్‌ఫూల్ లాంటి జడావీ పనిలో బంగారం లోపల లక్క ఉంటుంది. రాయి వెనక మెరుపు కోసం వెండి రేకు పెట్టి, చుట్టూ మేలిమి బంగారం అదిమి బిగిస్తారు. సందుల్లోంచి నీళ్లు దూరితే ఆ రేకు నల్లబడుతుంది. వేడికి లక్క మెత్తబడితే రాయి కదులుతుంది. పైనుంచి ఎంత తుడిచినా ఆ నలుపు పోదు, మొత్తం విప్పి మళ్లీ కట్టించాల్సిందే. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకు కొన్న నిజాం జవాహరాత్‌లో బస్రా ముత్యాల సత్‌లడా ఉంది. దాన్నెవరైనా ఈ డబ్బాలో వేస్తారా? మీ దాదీ ఇచ్చిన సత్‌లడా దానంత ఖరీదైనది కాకపోవచ్చు. ముత్యం మాత్రం అంతే నాజూకు.

మా ఖాలా కరన్‌ఫూల్ ఇలాగే ఒక షాపులో మునిగింది. వారం తిరక్కుండా మూడు రాళ్ల వెనక నలుపు తేలింది. అడిగితే "పాత సామాను కదమ్మా, ముందు నుంచే ఉండొచ్చు" అన్నారు. రుజువేదీ? రసీదులో బంగారం తూకం ఉంది, రాయి పేరు లేదు. ఇంట్లోనేమో "జాగ్రత్తగా దాచుకోలేదు" అని నింద ఆమె మీదే పడింది. జేవర్ ఔరత్ సొంత మిల్కియత్. చాలామందికి అది మెహర్ కూడా. కష్టకాలంలో ఆమె చేతికి అందే ఆసరా అదే. దాన్ని పాడుచేసి ఆమెనే దోషిని చేయడం ఎక్కడి ఇన్సాఫ్?

"ఫ్రీగా చేశాం, మాకేం జిమ్మేదారి?" అనేవాళ్లకు మన ఫిఖ్‌హ్‌లో జవాబుంది. పదిమందికీ ఉజ్రత్ మీద పనిచేసే కారీగర్ తన చేతి పని వల్ల వస్తువు చెడిపోతే జామిన్ అవుతాడు. హిదాయాలో దీనికిచ్చిన మిసాల్ చాకలిది. ఉతికేటప్పుడు బాదిన దెబ్బకు బట్ట చిరిగితే నష్టం అతనే కట్టాలి. డబ్బాలో బుడగ కొట్టే దెబ్బ దీనికి భిన్నమా? ఉజ్రత్ తీసుకోలేదంటే అతను అమీన్. అమానత్ విషయంలో లాపర్వాయీ చేస్తే అమీన్‌కూ జిమ్మేదారీ తప్పదు. రాయి పేరు అడగకపోవడం లాపర్వాయీ కాక ఇంకేంటి? మీ సొంత మస్లా ఉంటే ముఫ్తీ సాబ్‌ను అడగండి, కానీ ఫ్రీ అన్న మాటకు తలొంచకండి.

దుకాణదార్లను నేనడిగేది మూడే. ముంచేముందు ప్రతి రాయి పేరు అడగండి. అమ్మేటప్పుడే రాయి పేరూ, దానికి నూనె పట్టించారా, గాజు నింపారా అన్నదీ రసీదులో రాయండి. జడావీ, మోతీ, మూంగా, ఫిరోజా, జమర్రుద్ వస్తే "ఇది మెషీన్‌లో వేయం" అని చెప్పండి.

బెహనో, మీకూ ఒక మాట. ఆన్‌లైన్‌లో ఈ మెషీన్ కొని ఇంట్లో పెట్టుకున్నా ఖత్రా అదే. ముత్యాలను తీసిన వెంటనే మెత్తని బట్టతో తుడవండి, సరిపోతుంది. ఇత్ర్ రాసుకుని, ఆరాకే వాటిని వేసుకోండి. జడావీని పొడిబట్టతోనే తుడవండి. ఎవరికైనా సాఫ్ చేయమని ఇచ్చేముందు రెండువైపులా ఫోటో తీసుకోండి. ఏ రాయో తెలియకపోతే మురికితోనే ఇంటికి తెచ్చుకోండి. మురికి తర్వాతైనా పోతుంది, విరిగిన నగీనా తిరిగిరాదు.