'లేదు' అనని ఇంగ్లీషు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలో ఏదో ఒక క్వార్టరు తలుపు తట్టండి. ఇంటి యజమాని ఊళ్ళో లేకపోతే, పొరుగువారు తెలుగువారైనా, బెంగాలీలైనా తరచు వినవచ్చే మాట "అవుట్ ఆఫ్ స్టేషన్." 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల వెలసి, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేసుకు రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభోత్సవం చేసిన ఈ కర్మాగారం నానా భాషలవారిని ఒకచోట చేర్చింది. అటువంటి చోట ఇంగ్లీషు పలుకుబళ్ళు కొన్ని అందరికీ ఉమ్మడి సొత్తు కావడం సహజమే.

అయితే ఈ మాటను లండనులోనో న్యూయార్కులోనో వాడి చూడండి. విన్నవారు రైల్వే స్టేషనును తలచుకొని తెల్లబోతారు. వారు "అవుట్ ఆఫ్ టౌన్" అంటారు. మన 'స్టేషన్' రైలుది కాదు. దొరల కాలంలో అధికారులు, సైనికులు నియమితులై ఉండే స్థలానికి ఆ పేరు.

లేమిని చెప్పడంలో ఇంగ్లీషుకు ఒక పద్ధతి ఉన్నది. ఒక గిరి గీసి, వస్తువు దానికి వెలుపల ఉన్నదంటుంది. సరుకు అయిపోతే "అవుట్ ఆఫ్ స్టాక్". యంత్రం చెడితే "అవుట్ ఆఫ్ ఆర్డర్". 'వితౌట్' అనే మాటకు సైతం పూర్వార్థం 'వెలుపల' అనే. తెలుగుకు ఆ గిరితో పని లేదు. లేను, లేవు, లేడు, లేదు, లేరు: క్రియ ఒక్కటే లేమిని చెప్పి, లేనిదెవరో, వారికి ఇవ్వదగిన మర్యాద ఎంతో కూడ చెప్పేస్తుంది. ఇంట్లో బియ్యం అయిపోయినప్పుడు మాత్రం, "లేవు" అనడానికి నోరాడక "నిండుకున్నాయి" అనడం మన సంప్రదాయం.

"అవుట్ ఆఫ్" కనిపించగానే చెడు అనుకోరాదు. ఆసుపత్రి నుండి "అవుట్ ఆఫ్ డేంజర్" అని కబురు వచ్చినదనుకోండి. కంగారులో చివరి మాట ఒక్కటే చెవినబడితే ఇంటిల్లిపాదీ గొల్లుమంటారు. నిజానికది శుభవార్త, ప్రాణాపాయం తప్పినదని అర్థం. అట్లే "అవుట్ ఆఫ్ ద క్వశ్చన్" అంటే అది జరిగే పని కాదని. "బియాండ్ క్వశ్చన్" అంటే సందేహమే లేదని. సెలవు అడిగిన ఉద్యోగికి ఈ రెంటి భేదం తెలియకుంటే, పెట్టె సర్దుకున్నాక విచారించవలసి వస్తుంది.

కనుక ఇటువంటి పలుకుబళ్ళను మాటకు మాట పెట్టి అనువదించకండి. లేనిది ఏమిటి? అది లేకపోవడం మంచికా, చెడుకా? ముందు ఆ రెండూ చూడండి. లేనిది అపాయమైతే సంతోషించండి; లేనిది ఉపాయమైతే నిఘంటువు తెరవండి.