120 హెర్ట్జ్ సరే, స్క్రీన్ మీద ఈ గంతులెందుకు?

మా బాబాయి బిడ్డ మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. పోయిన సెమిస్టర్ పరీక్ష ఫీజు గడువు దాటిపోయి, ఫైన్‌తో కట్టాల్సి వచ్చింది. "రోజూ సైట్ చూసిన అన్నా, డేట్ ఎక్కడా పెట్టలే" అని ఒకటే మొత్తుకోలు. ఇంట్లోనేమో నిర్లక్ష్యం అని తిట్లు. తను జనగామకి మా ఇంటికొచ్చినప్పుడు తన ఫోన్‌లోనే ఆ సైట్ తెరిచి చూశా. నోటీసు ఇంకా అలాగే ఉంది. హోమ్ పేజీలో అన్నిటికంటే పైన, ఎర్ర అక్షరాల్లో, కుడి నుంచి ఎడమకు పరుగెడుతూ. పక్కన మిణుకుమిణుకుమంటూ 'న్యూ' బొమ్మ ఒకటి.

తను అబద్ధం చెప్పలేదు. నిజంగానే కనిపించలేదు. దీనికి బ్యానర్ బ్లైండ్‌నెస్ అని పేరు కూడా ఉంది. జనం వెతుకుతున్న సమాచారాన్నే బ్యానర్‌లాగా పెడితే, దాన్ని చూడకుండా దాటేసి కింద వెతుక్కుంటారని 1998లో బెన్‌వే, లేన్ అనే పరిశోధకులు చూపించారు. మెరిసేది, ఉరికేది యాడ్ అని మన బుర్ర ఎప్పుడో ఫిక్స్ అయిపోయింది.

మరి కదిలేది కంటిని లాగుతుంది కదా అంటారా? లాగుతుంది, కానీ మిగతావన్నీ కదలకుండా ఉన్నప్పుడే. మా వైపు పత్తి చేన్లు చూసినవాళ్లకి ఇది తెలుసు. గాలి లేనప్పుడు చేనులో కుందేలు ఒక్కసారి ఉరికితే చాలు, ఎంత పెద్ద చేనైనా కన్ను అక్కడికే పోతుంది. అదే గాలికి చెట్లన్నీ ఊగుతుంటే పక్కనుంచి పోయినా తెలీదు. విజువల్ సెర్చ్ మీద పనిచేసేవాళ్లు మొదటి రకాన్ని 'పాప్-అవుట్' అంటారు. ఇంకో తిరకాసు ఏంటంటే, కదలని వాటి మధ్య కదిలేదాన్ని పట్టుకోవడం ఈజీ. కదిలేవాటి మధ్య కదలనిదాన్ని పట్టుకోవడం చాలా కష్టం. మనకి కావాల్సిన బటన్ ఎప్పుడూ ఆ కదలనిదే!

భూపాలపల్లిలో సింగరేణిలో చేసే మా మామయ్య బాధ కూడా ఇదే. పేమెంట్ యాప్‌లో పాత లావాదేవీ వెతుకుదామంటే పైన బ్యానర్ తిరుగుతుంది, మధ్యలో స్క్రాచ్ కార్డ్ ఎగురుతుంది. "గీ డ్యాన్స్ ఆపేదెట్లరా అల్లుడా" అంటాడు.

ఇక్కడ రిఫ్రెష్ రేట్‌ని తిట్టడం లేదు. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు స్క్రీన్ మీద నిలబడిపోతుంది. స్క్రోల్ చేస్తుంటే మన కన్ను మాత్రం అక్షరాల వెంట జరుగుతూనే ఉంటుంది. అందుకే అవి అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. 120లో అది 8.3కి తగ్గుతుంది, లిస్టులో పేరు వెతకడం నిజంగానే సులువవుతుంది. ఆ కదలిక మన వేలితో మనం చేసింది. నేను గొడవపడేది మనం అడక్కుండా కదిలేవాటితో.

అలాంటివాటికి రూల్ లేదనుకోకండి. తనంతట తానే మొదలై, మిగతా కంటెంట్ పక్కన 5 సెకన్లకు మించి కదిలేదేదైనా ఉంటే ఆపే వీలు ఇవ్వాలని వెబ్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఫోన్లలోనూ దారి ఉంది. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీలో 'రిమూవ్ యానిమేషన్స్', ఐఫోన్‌లో మోషన్ కింద 'రెడ్యూస్ మోషన్'. మామయ్య ఫోన్‌లో ఆన్ చేశా. మెనూలు చప్పున తెరుచుకుంటున్నాయి, కానీ యాప్ లోపలి బ్యానర్, జిఫ్‌లు మాత్రం ఆగలేదు. అది ఆ యాప్ రాసినవాళ్లు పట్టించుకోవాల్సిన పని.

రాసినవాళ్లు అంటే నాలాంటివాళ్లే. పోయినేడాది నేనే ఒక హోమ్ స్క్రీన్‌లో మూడు సెకన్లకోసారి జరిగే బ్యానర్ పెట్టా, ఆపే బటన్ లేకుండా. డెమోలో అందరూ బాగుందన్నారు. డెమోలో ఎవరూ దేన్నీ వెతకరు కదా. ఇక్కడ ఫోన్ రివ్యూల్లోనూ అంతే, యానిమేషన్ ఎంత స్మూత్‌గా ఉందో చూసి మార్కులేస్తాం. ఆ ఫోన్‌లో ఒక సెట్టింగ్ వెతకడానికి ఎంతసేపు పట్టిందో ఎవరైనా రాశారా?

మా చెల్లెలి కాలేజీ సైట్ ఇంకా అలాగే ఉంది. తను మాత్రం ఉపాయం కనిపెట్టింది. పైన ఎర్ర లైన్ ఉరుకుతుంటే టకటకా రెండు మూడు స్క్రీన్‌షాట్లు తీసి, తీరిగ్గా చదువుకుంటోంది.