పిల్లవాడు అడిగే ప్రశ్న: యూదుల బాలసాహిత్యం

ఒక సమాజపు సాహిత్యాన్ని గూర్చి వ్రాసేవారు సాధారణంగా దాని మహాకవులతో మొదలుపెడతారు. గాలిబ్ మీద, ఇక్బాల్ మీద, జాషువా మీద వ్యాసాలు వ్రాయడానికి విద్యార్థులు పోటీపడడం మంచిదే. కాని ఆ కవులను చదువగల వయస్సు రాకముందు, అయిదారేండ్ల పిల్లవాని చేతిలో ఆ భాషలో ఏ పుస్తకం ఉన్నదని అడిగేవారు అరుదు. ఈ ప్రశ్నను శతాబ్దాల తరబడి వదలకుండా పట్టుకొన్న అల్పసంఖ్యాక సమాజం యూదులది. పాలస్తీనా విషయమై మనలో చాలామందికి గాఢమైన అభిప్రాయాలున్నవి. ఆ చర్చ వేరు, దానిని ఇక్కడికి తేవడం లేదు. దేశదేశాలకు చెదరి, ఎక్కడికి పోయినా కొద్దిమందిగానే ఉండి, ఇరుగుపొరుగువారిది ఒక లిపి, తమది వేరొక లిపిగా బ్రతికినవారు తమ పిల్లలకు ఏమి చదివి వినిపించారన్నదే నా విషయం. గుంటూరు ప్రాంతాన కొత్తరెడ్డిపాలెంలో తెలుగే ఇంటిభాషగా గల బెనె ఎఫ్రాయీం యూదులున్నారన్న సంగతి ఎరిగినవారికి ఇది మరీ పరాయి విషయంగా తోచదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పిల్లవాని ప్రశ్నకు, వాని అల్లరికి, వాని మాటకు చోటిచ్చిన పుస్తకాలే ఆ సమాజాన్ని నిలబెట్టినవి. పిల్లవానిని కూర్చోబెట్టి ధర్మోపన్యాసం చేసిన పుస్తకాలు అచ్చయిన కాగితంతోనే పోయినవి.

దీనికి మూలం వారి పస్కా పండుగ రాత్రిలో ఉన్నది. ఐగుప్తు దాస్యం నుండి విడుదలయిన వృత్తాంతాన్ని తండ్రి తన కుమారునికి చెప్పవలెనని నిర్గమకాండం విధించినది. మన ముస్లిం విద్యార్థులకు మూసా ప్రవక్త గాథగా, క్రైస్తవ విద్యార్థులకు మోషే చరిత్రగా తెలిసిన కథే అది. ఆ రాత్రి చదువుకొనే పుస్తకాన్ని ‘హగ్గదా’ అంటారు. భోజనపు బల్ల వద్ద అందరికంటె చిన్నవారు ఈ రాత్రికి గల విశేషమేమిటని నాలుగు ప్రశ్నలు వేస్తే గాని పెద్దలు కథ ఎత్తుకోరు. ఆ పుస్తకంలోనే నలుగురు కుమారుల ప్రసక్తి వస్తుంది: ఒకడు వివేకి, ఒకడు దుష్టుడు, ఒకడు అమాయకుడు, నాలుగవవాడు అడగడమే తెలియనివాడు. ఆ నాలుగవవానికి పెద్దలే నోరు తెరచి చెప్పవలెనట. ఎదురుమాట్లాడే దుష్టునికి గట్టి జవాబే దొరుకుతుంది గాని, వానిని కూడ బల్ల వద్దనుండి లేపివేయలేదు. పిల్లలు నిద్రపోకుండా ఉండడానికి రొట్టెముక్కను దాచి వెదకించడం, వెదకినవారికి బహుమానమివ్వడం ఆచారం. 1590లో ప్రాగ్ నగరంలో అచ్చయిన హగ్గదాలో ఒక గొలుసుపాట చేరినది. తండ్రి కొన్న మేకపిల్లను పిల్లి, పిల్లిని కుక్క, కుక్కను కర్ర, ఇట్లా మృత్యుదూత వరకు పోతుంది. మన ఏడు చేపల కథ విన్న తెలుగు బిడ్డ ఆ పాటను అర్థం చేసుకోవడానికి క్షణం కూడ పట్టదు. పండితులు దానికి వేదాంతార్థాలు చెప్పారు. పిల్లలు మాత్రం ఊపిరి బిగబట్టి ఎవరు ముందు ముగిస్తారో చూస్తారు. పండితుల అర్థాల కంటె ఈ ఊపిరి బిగబట్టడమే ఆ పాటను కాపాడినదని నేను అనుకొంటాను.

తూర్పు యూరపు యూదుల ఇంటిభాష యిడ్డిష్. మాట చాలవరకు జర్మనుకు దగ్గర, లిపి హీబ్రూది. పండితులు చాలాకాలం దానిని భాషగానే లెక్కింపక, వంటింటి మాటగా చూచారు. ఉర్దూను తొలినాళ్లలో ఫార్సీ పండితులు చూచిన చూపు గుర్తున్నవారికి ఇది వింతగా ఉండదు. కాని తల్లులు చదివినది ఆ వంటింటి భాషలోనే. బైబిలు కథలను వ్యాఖ్యానాలతో, పిట్టకథలతో కలిపి చెప్పిన ‘త్సెనె రెనె’ అనే గ్రంథపు ప్రతులలో మనకు దొరికే మొదటి ముద్రణ 1622 నాటిది. దానికి రెండువందలకు పైగా ముద్రణలు వచ్చినవి. విశ్రాంతి దినాన తల్లి చదువుతుంటే పిల్లలు వినేవారు. షోలెమ్ అలైఖెమ్ (1859-1916) వ్రాసిన ‘మోత్ల్’ కథ పిల్లల కొరకే ఉద్దేశించినది కాకపోయినా పిల్లలు దానిని తమదిగా చేసుకొన్నారు. అందులో తండ్రి పోయిన చిన్నవానికి అందరూ ఒక్కసారిగా ముద్దుచేయడం చూచి, ఈ అనాథ బ్రతుకే మేలుగా ఉన్నదే అనిపిస్తుంది. నీతులు చెప్పే రచయిత ఈ మాట వ్రాయడానికి సాహసించడు. నిజం తెలిసిన రచయిత వ్రాశాడు.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఈ సాహిత్యం విప్పారిన తీరు ఆశ్చర్యకరం. కీవ్ నగరంలో ‘కుల్తుర్ లీగె’ సంస్థ 1919లో ఆ మేకపిల్ల పాటనే ఎల్ లిస్సిట్‌స్కీ చిత్రాలతో ప్రచురించినది. విల్నాలో బాస్తొమ్‌స్కీ సంపాదకత్వాన ‘గ్రీనింకె బేమెలెఖ్’ అనే పిల్లల పత్రిక వచ్చేది. ఆ పేరుకు పచ్చని చిట్టిచెట్లు అని అర్థం. వార్సాలో యానుష్ కోర్చాక్ అనే వైద్యుడు క్రొఖ్మాల్నా వీధిలో 1912 నుండి యూద అనాథాశ్రమాన్ని నడిపాడు. 1926లో ఆయన ఒక యూద దినపత్రికకు శుక్రవారపు అనుబంధంగా ‘మావీ ప్షెగ్లొంద్’ ప్రారంభించాడు. భాష పోలిష్. వ్రాసేవారు పిల్లలే. తండ్రి మాట తప్పాడని ఒకడు, బడిలో యూదుడవని వెక్కిరించారని మరొకడు దేశం నలుమూలల నుండి ఉత్తరాలు వ్రాసేవారు. పిల్లలకు ఏమి చెప్పాలా అని పెద్దలు తలబద్దలు కొట్టుకొనే సభలు మన దగ్గర చాలా చూస్తాము. పిల్లలు ఏమి చెబుతున్నారో అచ్చువేసిన పత్రిక ఎన్ని భాషల్లో ఉన్నది? ఆ పత్రిక చివరి సంచిక 1939 సెప్టెంబరు 1న, అనగా జర్మనీ పోలండు మీద దండెత్తిన రోజున వెలువడినది.

తరువాతి కథ తెలిసినదే. అయినా రెండు మూడు సంగతులు చెప్పక తప్పదు. యూదులను నిర్బంధించిన వాడలను ఘెట్టోలన్నారు. విల్నా ఘెట్టోలోని గ్రంథాలయం 1942 డిసెంబరు 13న తాము లక్షవ పుస్తకం ఎరువిచ్చిన సందర్భాన్ని పండుగగా జరుపుకొన్నది. తెరెజీన్ నిర్బంధ శిబిరంలో పదునాలుగేండ్ల పేటర్ గింజ్ సంపాదకుడుగా బాలురు ‘వేదెమ్’ అనే వారపత్రికను చేతితో వ్రాసి, శుక్రవారం సాయంకాలం చదువుకొనేవారు. ఉన్నది ఒక్కటే ప్రతి. దాదాపు 800 పుటలు మిగిలినవి. సంపాదకుడు 1944లో ఆష్‌విట్జ్‌లో చంపబడ్డాడు. వార్సా ఘెట్టోలో కోర్చాక్ ఆశ్రమపు పిల్లలు 1942 జూలై 18న ఒక నాటకం ఆడారు. అది రవీంద్రనాథ టాగూరు ‘డాక్‌ఘర్’. గది దాటి పోలేని రోగగ్రస్త బాలుడు అమల్ కిటికీలోనుండి లోకాన్ని చూస్తూ రాజుగారి ఉత్తరం కొరకు ఎదురుచూచే కథ. మూడు వారాలు తిరుగకముందే సుమారు రెండువందల మంది పిల్లలను ట్రెబ్లింకాకు తీసుకొనిపోయారు. తప్పించుకొనే అవకాశం ఇస్తామన్నా కోర్చాక్ వారిని వదలలేదు.

చంపింది నాజీలే కాదు. పిల్లల కవిగా సోవియట్ దేశమంతటా పేరు పొందిన లేబ్ క్విత్కోను 1952 ఆగస్టు 12న స్టాలిను ప్రభుత్వం ఇతర యిడ్డిష్ రచయితలతోబాటు మాస్కోలో కాల్చివేసినది. రష్యన్ అనువాదాలలో లక్షలాది పిల్లలు ఆయన గేయాలు పాడుకొన్నారు.

ఇక హీబ్రూ సంగతి వేరు. ప్రార్థనకు, గ్రంథానికి పరిమితమైన ఆ భాషను ఇంటిలో మాట్లాడవలెనని ఎలియెజెర్ బెన్ యెహూదా పట్టుబట్టాడు. 1882లో పుట్టిన కుమారుని ఆ భాషలోనే పెంచాడు. బొమ్మను, ఐస్‌క్రీమును, సైకిలును పిలవడానికి శాస్త్రగ్రంథాలలో మాటలు లేవు. ఆయన కల్పించవలసి వచ్చినది. ఒక భాష బ్రతికి ఉన్నదా అని తెలుసుకోవడానికి పిల్లవాని ఆటవస్తువులకు అందులో పేర్లున్నవా అని చూస్తే చాలు. మహాకవి బ్యాలిక్ కూడ ఉయ్యాలపాటలు, ఆటపాటలు వ్రాయడం తన గౌరవానికి తక్కువనుకోలేదు. 1933లో ఆయన బాలగేయాల సంపుటం నహూమ్ గుట్మాన్ బొమ్మలతో వచ్చినది. మన మహాకవులలో మరికొందరు ఈ పని చేసి ఉంటే బాగుండేది.

అమెరికాకు పోయినవారు ప్రాణం దక్కించుకొన్నారు, భాషను మాత్రం పోగొట్టుకొన్నారు. అక్కడ 1951లో సిడ్నీ టేలర్ వ్రాసిన ‘ఆల్ ఆఫ్ ఎ కైండ్ ఫ్యామిలీ’ ఆంగ్లంలోనే ఉన్నది. న్యూయార్కులో పేదవాడలోని అయిదుగురు అక్కచెల్లెండ్ల కథ. గది తుడవడం పిల్లలకు విసుగు పుట్టకుండా తల్లి అక్కడక్కడ గుండీలు దాచిపెడుతుంది, వెదకుతూ తుడుస్తారు. శుక్రవారపు దీపాలు, పండుగలు ఆ ఇంటి పనులతోబాటు వచ్చిపోతుంటవి, ఎక్కడా పాఠం చెప్పినట్లుండదు. అమెరికా యూద గ్రంథాలయాల సంఘం 1968 నుండి ఇస్తున్న బాలసాహిత్య బహుమతికి తరువాత ఆమె పేరే పెట్టారు. ఐజక్ బషేవిస్ సింగర్ మాత్రం యిడ్డిష్‌ను విడువలేదు. ఆయన బాల్యం గడిచినది కోర్చాక్ ఆశ్రమమున్న ఆ క్రొఖ్మాల్నా వీధిలోనే. అరువది దాటినాక పిల్లల కొరకు వ్రాయసాగి, 1966లో ‘జ్లాతె అనే మేక’ కథలు వెలువరించాడు. కసాయికి అమ్మబోయిన మేక మంచుతుఫానులో తన పాలతో పిల్లవానిని బ్రతికించి ఇంటికి తిరిగివస్తుంది. హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్ ‘అబ్బూఖాన్ కీ బక్రీ’ చదివినవారు ఈ రెండు మేకలను పక్కపక్కన నిలిపి చూడవచ్చు. కాని సింగర్ యిడ్డిష్‌లో వ్రాసిన కథను అమెరికా పిల్లలు ఆంగ్లానువాదంలోనే చదివారు. 1978లో నోబెల్ బహుమతి వచ్చినా ఈ లోటు తీరలేదు. అనువాదం కథను దాటిస్తుంది. అమ్మమ్మ గొంతును దాటించలేదు. బ్రూక్లిన్‌లోని హసీదీ కుటుంబాలలో నేటికీ పిల్లలు యిడ్డిష్ పుస్తకాలే చదువుతున్నారంటే, అది ఇంటిలో మాట్లాడే భాష గనుకనే.

2005లో అమెరికాలో మొదలైన ‘పీజే లైబ్రరీ’ యూద కుటుంబాలకు నెలనెలా పిల్లల పుస్తకాన్ని ఉచితంగా పంపుతున్నది. ఇజ్రాయెలులో హీబ్రూలో ఇటువంటి పథకం నడుస్తుండగా, 2014 నుండి అరబ్బీ మాట్లాడే పిల్లలకు ‘మక్తబత్ అల్ ఫానూస్’ అనే పేర అరబ్బీలోనే పుస్తకాలిస్తున్నారు. ఎంపిక ఒక సంఘం చేతిలో ఉన్నప్పుడు పుస్తకాలన్నీ ఒకే మూసలో పడే ప్రమాదం లేకపోలేదు. అయినా బడిలో కట్టిన పుస్తకం కంటె పడకమీది పుస్తకం మేలు.

మన దేశానికి ఈ చరిత్రతో గల బంధం ఒకటి చాలామందికి తెలియదు. గెర్దా ఫిలిప్స్‌బోర్న్ అనే జర్మన్ యూద మహిళ బెర్లినులో జాకిర్ హుసేన్ మిత్రబృందంతో ఏర్పడిన స్నేహం వలన 1930ల తొలినాళ్లలో ఢిల్లీలోని జామియా మిల్లియాకు వచ్చి, ఉర్దూ మాట్లాడే చిన్నపిల్లల ఆలనాపాలనకు తన శేషజీవితం ధారపోసినది. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. 1943లో మరణించిన ఆమె సమాధి జామియాలోనే ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఉర్దూ ‘ఖిలౌనా’ ఎన్నడో ఆగిపోయినది. 1947లో పుట్టిన ‘చందమామ’ కూడ ఇప్పుడు రావడం లేదు. మన గ్రంథాలయంలో ఒక బీరువాను ఉర్దూ, తెలుగు పిల్లల పుస్తకాలకు కేటాయించండి. ఆదివారం ఉదయం రెండు గంటలు తెరచి, సిబ్బంది పిల్లలతోబాటు చుట్టుపక్కల బస్తీల పిల్లలనూ రానివ్వండి. బిగ్గరగా చదివి వినిపించడానికి ద్వితీయ సంవత్సరపు విద్యార్థినీ విద్యార్థులు వంతులు వేసుకోగలరు. పిల్లలు చెప్పిన మాటలను, వేసిన ప్రశ్నలను ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచితే, వచ్చే సంవత్సరపు సంచికకు కొన్ని పుటలు వారివే అవుతవి. చిరిగిన పుస్తకాలకు జరిమానా మాత్రం వేయకండి.