పాలమూరు, నల్లగొండ క్యాన్సర్‌కు లెక్కేది?

ఒక ప్రాంతంలోని క్యాన్సర్ కేసులన్నీ నమోదు చేసే రిజిస్ట్రీలు దేశంలో 43 ఇచ్చిన 2015–19 వివరాలపై 2025లో ఒక అధ్యయనం వెలువడింది. రొమ్ము క్యాన్సర్‌లో హైదరాబాద్‌దే మొదటి స్థానం. వయసు తేడాలు సవరించి చూస్తే ఏటా లక్ష మంది మహిళల్లో 54 మందికి వస్తోంది. తెలంగాణ నుంచి ఆ లెక్కల్లో ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. జడ్చర్ల వైపు వెళ్లినా, దేవరకొండ వైపు వెళ్లినా లెక్క నగరంతోనే ఆగిపోతుంది. లెక్కించిన చోటే రోగం కనబడుతుంది కాబట్టి క్యాన్సర్ పట్నం జబ్బనే అపోహ బలపడింది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలకు సొంత రిజిస్ట్రీ రావాలి. ఆడ, మగ మరణాల మధ్య తేడా చూస్తే ఇదెంత అవసరమో తెలుస్తుంది. అదే అధ్యయనం ప్రకారం కేసుల్లో మహిళలు 51 శాతం, మరణాల్లో 45 శాతమే. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు తొలిదశలో దొరికితే నయమవుతాయి. పొగాకుతో మగవాళ్లకు ఎక్కువగా వచ్చే నోటి, ఊపిరితిత్తుల క్యాన్సర్లు చాలావరకు ముదిరాకే బయటపడుతున్నాయి. అయితే మహిళలకున్న ఆ వెసులుబాటు పరీక్ష జరిగితేనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30–49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. అలాంటప్పుడు అచ్చంపేట మహిళకు హైదరాబాద్ సగటు ఏం చెబుతుంది?

ఆస్పత్రి రికార్డులు చాలవా అనవచ్చు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి తన గడప తొక్కినవారినే లెక్కించగలదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, కానీ ఆ బిల్లులు చికిత్స పొందినవారి సంగతే చెబుతాయి. వలసపోయిన చోట జబ్బుపడి, ఇంటికొచ్చి కన్నుమూసిన పాలమూరు కూలీ ఏ రికార్డుకు ఎక్కుతాడు? దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతు కూడా లేవు. ఇక నల్లగొండలో క్యాన్సర్‌కు కారణం తెలిసిందే, ఫ్లోరైడే అనే మాట ఉంది. ఫ్లోరైడ్ నల్లగొండ ప్రజల ఎముకలను వంచేసిందన్నది కాదనలేని నిజం. క్యాన్సర్ విషయంలో మాత్రం తాగునీటి ఫ్లోరైడ్‌పై తేల్చి చెప్పేంత ఆధారం లేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1987లోనే పేర్కొంది. నేరమంతా నీటిమీదికి నెడితే బీడీ, గుట్కా తప్పించుకుంటాయి. లంబాపూర్, నల్లమలలో యురేనియం తవ్వుతారన్న భయానికీ లెక్కే ఆధారం కావాలి. తవ్వకానికి ముందు ఎంత క్యాన్సర్ ఉందో తెలియకపోతే, తర్వాత పెరిగిందని ఎవరూ నిరూపించలేరు.

ఆ డబ్బేదో చికిత్సకే ఖర్చుపెట్టమనే అభ్యంతరం బరువైనదే. దానికి జవాబు మహారాష్ట్రలోని బార్శీలో ఉంది. మనలాంటి మెట్ట ప్రాంతంలో 1987లో మొదలైన ఆ గ్రామీణ రిజిస్ట్రీ సిబ్బంది ఊరూరా తిరిగారు. అక్కడి మహిళల్లో ముందున్నది గర్భాశయ ముఖద్వార క్యాన్సరని తేలింది. పక్కనే ఉన్న ఉస్మానాబాద్ పల్లెల్లో జరిగిన అధ్యయనంలో, ఆ క్యాన్సర్ కారక వైరస్‌ను పట్టే హెచ్‌పీవీ పరీక్ష ఒక్కసారి అందిన మహిళల్లో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గినట్టు 2009లో వెల్లడైంది. మనకిప్పుడు నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ముందు ఒక్క జిల్లాలో ఆస్పత్రులు, ల్యాబులు, పంచాయతీ మరణ రిజిస్టర్లు కలిపి చూసే చిన్న బృందాన్ని ప్రభుత్వం నియమించవచ్చు. ఇళ్లలో జరిగిన మరణాల కారణాన్ని ఆశా కార్యకర్తలు అడిగి రాయవచ్చు, ఆ అదనపు పనికి వేతనం తప్పకుండా ఇవ్వాలి.